కన్ను ఎదురుగా, ముక్కు పక్కకు: సిరాతో గీసిన స్త్రీ ముఖం ఎందుకలా ఉంటుంది?

క్లుప్తంగా: ఆధునిక చిత్రకారులు సిరాతో గీసిన స్త్రీ ముఖాల్లో ముక్కు ఒక వైపు, కళ్ళు ఒక వైపు ఉండటం చేతకాక జరిగింది కాదు. ఫోటో వచ్చాక చిత్రకారుడికి మిగిలిన పని ఏమిటి, ఒకే ముఖాన్ని ఎన్ని వైపుల నుంచి చూడొచ్చు, చెరపడానికి వీల్లేని సిరా చేతిని ఎలా నడిపిస్తుంది అన్నవి కలిపి చూస్తే కారణం తెలుస్తుంది. రాయలసీమకు ఇలాంటి ముఖాలు కొత్త కూడా కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మలూ, లేపాక్షి పైకప్పు మీది స్త్రీలూ కంటికి కనిపించినట్టు గీసిన బొమ్మలు కావు. తేడా ఉన్నది గీసేవాళ్ళకూ చూసేవాళ్ళకూ మధ్య ఒప్పందంలో.

"ఏందిది, మూతి యాడుండాది?"

కడపలో ఇలాంటి బొమ్మ ఎవరికి చూపించినా దాదాపు ఇదే మాట వస్తుంది. తెల్ల కాగితం, నల్ల సిరా, ఒక ఆడమనిషి తల. మెడ అంటే రెండు గీతలు. ముక్కు పక్క నుంచి చూసినట్టు ఉంటుంది, కళ్ళు రెండూ మాత్రం ఎదురుగా చూస్తుంటాయి. ఒక చెంప మీద అడ్డదిడ్డంగా గీతలు, రెండో చెంప ఖాళీ. జుట్టు ఉండాల్సిన చోట నాలుగు వంకరలు. కింద సంతకం. దాని ధర లక్షల్లోనో కోట్లలోనో ఉందని తెలిశాక అనుమానం రెట్టింపవుతుంది. మా పిల్లోడు ఇంతకంటే బాగా గీస్తాడు అన్న మాట అప్పుడు వస్తుంది.

ఆ అనుమానాన్ని తీసిపారేయనక్కర్లేదు. బొమ్మ బాగుందో లేదో తేల్చడానికి మనకు బడిలో ఇచ్చిన కొలబద్ద పోలిక ఒక్కటే. ప్రభుత్వం నడిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఏళ్ళ తరబడి చేసే సాధన చెంబును చెంబులా, ఆకును ఆకులా గీయడమే. వెలుగు ఏ వైపు నుంచి పడితే నీడ ఏ వైపు పడాలో తప్పితే మార్కులు పోతాయి. అక్కడి నుంచి ఒక విద్యార్థి కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం లలిత కళల విభాగానికో, 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికో వెళితే, మొదటి ఏడాదిలోనే ఈ వంకర ముఖాలు ఎదురవుతాయి. నిన్నటిదాకా తప్పన్నది ఇవాళ పాఠం అవుతుంది. పిల్లలకే టెన్షన్, ఇక ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

ఫోటో లాక్కున్న పని

పోలిక తేవడం అన్నది కొన్ని వందల ఏళ్ళపాటు యూరప్ చిత్రకారుడి జీవనాధారం. జమీందారు భార్య ఎలా ఉండేదో మనవళ్ళకు తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చుని గీయాల్సిందే. 1839లో ఫోటోగ్రఫీ ప్యారిస్‌లో బహిరంగంగా ప్రకటితమైంది. తర్వాత యాభై అరవై ఏళ్ళలో ఆ పని చాలావరకు కెమెరా చేతికి పోయింది. బొమ్మలు గీయడం ఆగలేదు కానీ, ఎందుకు గీయాలి అన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా వచ్చింది.

దానికి ఒక్కొక్కరూ ఒక్కో జవాబు వెతుక్కున్నారు. ఒకరు రంగులోకి వెళ్ళారు, ఒకరు కలల్లోకి. కొందరు మాత్రం ముఖాన్నే మళ్ళీ పట్టుకుని, కెమెరా చేయలేనిది ఇందులో ఏముంది అని చూశారు. కెమెరా ఒక చోట నిలబడి, ఒక క్షణంలో, ఒకే కంటితో చూస్తుంది. మనిషి అలా చూడడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆమె తల తిప్పుతుంది, మనం కాస్త జరుగుతాం, ముక్కు పక్క నుంచి కనిపిస్తుంది, మరుక్షణం కళ్ళు నేరుగా కలుస్తాయి. ఆ మనిషి ముఖం అని మనకు గుర్తుండేది ఇవన్నీ కలిసిందే.

స్పెయిన్‌లో పుట్టిన చిత్రకారుడు పికాసో (1881–1973) 1907లో గీసిన 'అవిన్యోన్ యువతులు' అనే పెద్ద చిత్రంలో మధ్యలో ఉన్న ఇద్దరు స్త్రీలను చూస్తే సంగతి సూటిగా తెలుస్తుంది. ముఖం ఎదురుగా ఉంది, ముక్కు మాత్రం పక్క నుంచి చూసినట్టు ఉంది. ఆ రోజుల్లోనే ఆయన ప్యారిస్‌లోని త్రొకదేరో మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూశాడు, అంతకుముందు స్పెయిన్ పాత రాతి శిల్పాల తలలు చూశాడు. రెండేళ్ళ తర్వాత, 1909 వేసవిలో, స్పెయిన్‌లోని హోర్తా అనే కొండ ఊరికి తన సహచరి ఫెర్నాండ్ ఒలివియేతో కలిసి వెళ్ళి, ఆమె తలను మళ్ళీ మళ్ళీ గీశాడు. నుదురు ఒక పలక, చెంప ఒక పలక, మెడ నరాలు తాళ్ళలా మెలితిరిగి ఉంటాయి. ప్యారిస్ తిరిగొచ్చి అదే తలను శిల్పంగా చేశాడు. కొండ రాయిని సుత్తితో కొడితే ఎలా పలకలుగా విడిపోతుందో ఆ తల అలా ఉంటుంది. ఎర్రమల, నల్లమల కొండల్లో పొరలు పొరలుగా లేచిన బండలు చూసిన కళ్ళకు ఈ పోలిక వెంటనే అందుతుంది.

ఇన్ని పలకలు చేసినా అది ముఖమేనని మనం ఎలా పోల్చుకుంటాం? ముఖాల విషయంలో మెదడు చాలా ఆత్రంగా ఉంటుంది. రెండు చుక్కలు, కింద ఒక అడ్డగీత ఉంటే చాలు, ముఖం అనేస్తుంది. పెచ్చులూడిన మట్టిగోడ మీద, మబ్బులో, లారీ ముందు భాగంలో కూడా మనకు ముఖాలు కనిపిస్తాయి. పుట్టిన కొద్ది గంటల పసికందులు సైతం ముఖంలాంటి ఆకారం వైపే ఎక్కువ చూస్తారని పరిశోధకులు గమనించారు. చిత్రకారుడు ఈ ఆత్రాన్నే వాడుకుంటాడు. ఎంత తీసేసినా మిగిలింది చూసేవాళ్ళే పూరించుకుంటారని తెలుసు కాబట్టి, తీసేయడానికి వెనకాడడు.

కాటుకా సిరా ఒకటే

ఇవే ముఖాలు నూనె రంగుల్లోనూ ఉన్నాయి, పెన్సిల్‌తోనూ ఉన్నాయి. సిరా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అది తెలియాలంటే సిరా ఎలా తయారవుతుందో ముందు చూడాలి.

ఇళ్ళలో కాటుక పట్టే పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆముదం దీపం వెలిగించి, పైన పళ్ళెం బోర్లిస్తే మసి పేరుకుంటుంది. దాన్ని గీకి నెయ్యితోనో ఆముదంతోనో కలిపితే కాటుక. అదే మసిని బంక నీళ్ళతో నూరితే రాయడానికి పనికొచ్చే నల్ల సిరా. అంటే కంటికి పెట్టుకునేదీ, ఆ కంటిని కాగితం మీద గీసేదీ ఒకే దీపపు మసి. దుకాణంలో ఇండియన్ ఇంక్ అని అడిగితే ఇచ్చే సీసాలోదీ ప్రధానంగా ఇదే, కార్బన్. పేరులో ఇండియా ఉన్నా దీని పాత చరిత్ర ఎక్కువగా చైనాది. ఫ్రెంచివాళ్ళు చైనా సిరా అనే పిలుస్తారు.

కార్బన్ నలుపు ఎండకు వెలవదు. అందుకే వందల ఏళ్ళ నాటి గీతలు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. యూరప్‌లో చాలాకాలం వాడిన ఇంకో రకం సిరా కథ వేరు. ఓక్ చెట్ల మీద వచ్చే కాయల్లాంటి బుడిపెల్లోని వగరు రసాన్ని ఇనుప ఉప్పుతో కలిపి చేసేవాళ్ళు. అది మొదట నల్లగా ఉండి, కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి కాగితాన్నే తినేస్తుంది. మనకిది తెలియని రసాయనం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో నానబెట్టి తీసిన ద్రవంతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయ వగరూ ఇనుమూ కలవడమే అక్కడి కిటుకు. ఇక మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు ఉత్త రంగునీళ్ళ లాంటిది. దానితో గీసిన బొమ్మను ఎండపడే గోడకు తగిలిస్తే కొన్నాళ్ళకే వెలిసిపోతుంది. అనంతపురం ఎండకు ఇంకా తొందరగా.

సిరా మనిషిని కట్టేసే తీరు రెండు రకాలు. మొదటిది, చెరపలేం. పెన్సిల్‌తో గీసేటప్పుడు దవడ గీత నచ్చకపోతే రబ్బరుంది. సిరా కాగితంలోకి దిగిందంటే అయిపోయింది. రెండోది, అది చేతి ఒత్తిడిని దాచదు. ముంచి రాసే పాళీ కలంతో గీసేటప్పుడు కిందికి లాగుతూ కాస్త నొక్కితే పాళీ రెండు పాయలుగా విచ్చుకుని గీత లావెక్కుతుంది. పైకి తోస్తే సన్నబడుతుంది. చెవి దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా ఒకే ఊపులో లాగిన గీతలో ఎక్కడ చేయి ధైర్యంగా ఉందో, ఎక్కడ తటపటాయించిందో చూస్తే తెలిసిపోతుంది. చేయి ఆగిన చోట చిన్న చుక్క ఊరి ఉంటుంది. కుంచె అయితే సిరా అయిపోవస్తున్న కొద్దీ గీత మధ్యలో కాగితం తెల్లగా తేలుతుంది. వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వేళ్ళ సందు నుంచి పిండి ఎంత జారాలో చేతికే తెలియాలి.

కడప వేసవిలో దీనికి ఇంకో తిప్పలు తోడవుతుంది. గాలి పొడిగా వేడిగా ఉన్నప్పుడు ఇండియన్ ఇంక్ పాళీ కొన మీదే గట్టిపడుతుంది. నాలుగు గీతలకోసారి గుడ్డతో తుడవాలి, లేకపోతే కలం కాగితాన్ని గీరుతుందే తప్ప సిరా దించదు. ఫ్యాను వేస్తే సిరా ఇంకా తొందరగా ఆరుతుంది, ఆపితే చెమట చుక్క షీటు మీద పడుతుంది.

ఇలాంటి పనిముట్టుతో ముఖం గీయాలంటే దారులు కొన్నే. అంతా పెన్సిల్‌తో గీసుకుని దాని మీద సిరా దిద్దొచ్చు. అది శుభ్రంగా ఉంటుంది, ప్రాణం ఉండదు. లేదా ముఖాన్ని చేతికి కంఠస్థం వచ్చేదాకా వేరే కాగితాల మీద గీసి, అవన్నీ పక్కన పెట్టేసి, చివరికి సిరాతో ఒక్క దమ్ములో లాగేయొచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ (1869–1954) రెండో దారివాడు. 1941–42లో ఆయన గీసిన 'థీమ్స్ అండ్ వేరియేషన్స్' వరుసలో 150కి పైగా బొమ్మలున్నాయి, వాటిలో స్త్రీల బొమ్మలు చాలా ఉన్నాయి. ప్రతి గుంపులోనూ మొదట ఒక బొగ్గు చిత్రం ఉంటుంది. దాని మీద చాలాసేపు పడిన శ్రమ, తుడుపులు, దిద్దుళ్ళు కళ్ళకు కనిపిస్తాయి. తర్వాత వచ్చే గీతల బొమ్మలు మాత్రం చెరుపు అన్నది లేకుండా, ఒక్క విసురులో గీసినట్టు ఉంటాయి. రెండు నిమిషాల్లో గీశాడు అని మనం అనుకునేది ఆ వరుసలో చివరి రెండు నిమిషాలనే.

పిల్లలు గీసిన బొమ్మకూ దీనికీ తేడా ఇక్కడే పట్టుబడుతుంది. పిల్లవాడి గీత ఎటు పోతుందో వాడికే తెలియదు, అదే దాని అందం. పెద్ద చిత్రకారుడి గీత కనుబొమ దగ్గర మొదలై ముక్కు వారగా దిగి ముక్కుపుటం దగ్గర ఆగిందంటే, అక్కడే ఆగాలని ముందే తెలుసు. ఇదే ముఖాన్ని రేపు మళ్ళీ గీయమంటే గీయగలడు. పిల్లవాడు గీయలేడు.

నిమ్మలకుంట తెర, లేపాక్షి పైకప్పు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా గీకుతారు. దాని మీద నల్లని గీతతో ఆకారం గీసి, నగలు ఉన్న చోటల్లా ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు, రంగులద్దుతారు. పూర్వం తెర వెనక ఆముదం దీపాలే.

సీత బొమ్మను చేతిలోకి తీసుకుని ముఖం చూడండి. తల పక్కకు తిరిగి ఉంది. ముక్కు, పెదవులు, గడ్డం గీత స్పష్టంగా బయటికి వచ్చి ఉన్నాయి. కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్న మనిషి కన్నులా నిండుగా, చేప ఆకారంలో ఉంది. నిజానికి పక్క నుంచి చూస్తే కన్ను సగమే కనిపిస్తుంది. ఇది తప్పా?

తప్పేమీ లేదు, తెర అడిగింది అదే. ముఖాన్ని ఎదురుగా పెడితే నీడలో ముక్కు పోతుంది, గుండ్రటి పళ్ళెం మిగులుతుంది. అందుకని తల పక్కకు తిరగాలి. కన్నును ఉన్నదున్నట్టు సగమే గీస్తే ఊరి చివర కూర్చున్నవాళ్ళకు కన్నే కనిపించదు, ముఖానికి చూపు ఉండదు. అందుకని కన్ను ఎదురుగా ఉండాలి. రెండు చోట్ల నుంచి చూసిన ముఖాన్ని ఒక్క తోలు మీద కలిపేశారు. ప్రాచీన ఈజిప్టు గోడల మీద కూడా ముఖం పక్కకు, కన్ను ఎదురుగా ఉండటం మామూలే. ఎవరి అవసరం వాళ్ళది, పరిష్కారం మాత్రం ఒక్కటే అయింది.

హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాల్లో స్త్రీల ముఖాలూ ఎక్కువగా పక్కకు తిరిగే ఉంటాయి. కళ్ళు పొడుగ్గా సాగి ఉంటాయి. రంగు ఎక్కడా నీడ పట్టకుండా చదునుగా పూశారు. ఆకారాన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న నల్ల గీతే. రంగులు పెచ్చులు లేచిన చోట్ల ఆ గీత మిగిలింది, ముఖం మిగిలింది. అక్కడికి వెళ్ళేవాళ్ళలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటో తీసుకుని వచ్చేస్తారు. తల ఎత్తి చూసేవాళ్ళు తక్కువ, మెడ నొప్పి కూడా ఒక కారణమే అనుకోండి.

వీటినీ పికాసోనూ ఒక్క గాటన కట్టేస్తే మళ్ళీ పొరపాటే. తోలుబొమ్మ చేసేవాళ్ళు ముఖాన్ని విరగ్గొట్టి కొత్తగా చూపించాలని అనుకోలేదు. తాతలు చేసినట్టే చేశారు. ఆధునిక చిత్రకారుడు తాతలు చేసినట్టు చేయకూడదనే పంతం పట్టాడు.

బాపు బొమ్మ మనకు వింత కాదు, ఎందుకని?

తెలుగువాళ్ళకు సిరా గీతలో ఆడపిల్ల ముఖం అనగానే గుర్తొచ్చేది బాపు (1933–2014). అందమైన అమ్మాయిని బాపు బొమ్మ అంటాం. ఆ బొమ్మను ఒకసారి కొలిచి చూస్తే తమాషాగా ఉంటుంది. కళ్ళు ముఖంలో ఏ మనిషికీ లేనంత చోటు తీసుకుంటాయి. ముక్కు అంటే చిన్న వంపు. నడుము సంగతి వైద్యులు చూస్తే కంగారుపడతారు. పోలిక లెక్కన చూస్తే అదీ నిజం ముఖం కాదు. అయినా ఎవరూ మూతి యాడుండాది అని అడగరు.

దశాబ్దాలపాటు వారపత్రికల్లో, నవలల అట్టల మీద, పెళ్ళి శుభలేఖల్లో చూసి చూసి మన కళ్ళు ఆ గీతలకు అలవాటు పడ్డాయి. చిన్న వంపు కనిపిస్తే ముక్కు అని చదువుకుంటాం. ఇదొక ఒప్పందం. తోలుబొమ్మలాటలో కూడా అంతే. నీలం రంగు మనిషి వస్తే దేవుడు, పది తలలు వస్తే రావణుడు, బంగారక్క తెర మీదికి రాగానే నవ్వాలి. ఈ ఒప్పందం ఊరందరిదీ. చూడటానికి వచ్చిన పిల్లలకు ఎవరూ పాఠం చెప్పరు, అవ్వ ఒళ్ళో కూర్చుని చూస్తూ చూస్తూ వచ్చేస్తుంది.

ఆధునిక చిత్రకారుడు ఊరుమ్మడి ఒప్పందాన్ని వదిలేసి సొంతంగా ఒకటి రాసుకున్నాడు. ఇటలీ చిత్రకారుడు మోడిలియాని (1884–1920) గీసిన ముఖంలో మెడ సాగుతుంది, కళ్ళలో చాలాసార్లు పాప ఉండదు. గోవాలో పుట్టి బొంబాయిలో చదివిన ఎఫ్.ఎన్. సూజా (1924–2002) గీసిన తలల్లో కళ్ళు నుదుటి పైకి ఎక్కేస్తాయి, ముఖమంతా అడ్డగీతల ముళ్ళకంప. మోడిలియానిని చదవడం వస్తే సూజా రాడు. ప్రతి చిత్రకారుడి దగ్గరా అక్షరాలు మళ్ళీ ఓనమాల నుంచి నేర్చుకోవాలి. కడపలోనే కాదు, ప్యారిస్‌లో కూడా మొదటిసారి చూసినవాళ్ళు తిట్టుకున్నది ఇందుకే. 'అవిన్యోన్ యువతులు' చూసి పికాసో స్నేహితులే బెదిరిపోయారు.

దీనికి మందు ఒక్కటే ఉంది, అదీ చవకైనదే. ఒకే చిత్రకారుడి ముఖాలు ఓ ఇరవై వరసగా చూడటం. ఒంటరిగా చూసినప్పుడు తప్పులా కనిపించే వంకర, ఇరవై చూశాక చేతిరాతలా కనిపిస్తుంది.

పేరు పోయిన ఆడమనిషి

ఈ బొమ్మల కింద ఎక్కువగా ఉండే పేరు 'స్త్రీ తల'. చిత్రకారుడి పేరు చీటీ మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, గంటల తరబడి కదలకుండా కూర్చున్న మనిషి పేరు చాలాసార్లు ఉండదు. హోర్తాలో గీసిన తలలన్నీ ఫెర్నాండ్‌వి. ఆమె తర్వాత తన జ్ఞాపకాలను పుస్తకంగా రాసింది. 1937లో పికాసో గీసిన ఏడ్చే స్త్రీ బొమ్మల వెనక ఉన్న డోరా మార్ స్వయంగా పేరున్న ఫోటోగ్రాఫర్. అదే ఏడాది ఆయన యుద్ధ బీభత్సం మీద 'గెర్నికా' అనే పెద్ద చిత్రం గీస్తుంటే దశలవారీగా ఫోటోలు తీసింది ఆమే. చాలాకాలం ఆమెను జనం కళ్ళు తుడుచుకునే ముఖంగానే ఎరిగారు.

ముఖాన్ని ముక్కలు చేయడం కళలో స్వేచ్ఛ అని రాసినవాళ్ళున్నారు. ముక్కలవుతున్నది ఎప్పుడూ ఆడవాళ్ళ ముఖమే ఎందుకు అని అడిగినవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రశ్నకు ఇప్పుడు బలం పెరిగింది, పెరగడం న్యాయమే. జర్మనీలో చిత్రకారిణి కేతే కోల్విట్జ్ (1867–1945) తన ముఖాన్నే ముసలితనం దాకా గీసుకుంటూ పోయింది. ఆ ముఖాల్లో పలకలు లేవు, ప్రయోగాల ఆర్భాటం లేదు. అలసట ఉంది. గీసేదీ కూర్చునేదీ ఒకరే అయినప్పుడు సిరా వేరే రకంగా నడుస్తుంది.

మన దేశంలో మసి ముఖాలు

భారతదేశంలో ఈ కథ కాస్త విచిత్రంగా ఒక కవి రాతప్రతి మీద మొదలవుతుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ కవితల్లో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ ఆకారాలు చేసేవాడు. 1924లో రాసిన 'పూరబి' కవితల రాతప్రతిలో ఆ కొట్టివేతలు పక్షులు, జంతువులు, ముఖాలు అయ్యాయి. అరవై ఏడేళ్ళ వయసులో బొమ్మల మీద పూర్తిగా కూర్చున్నాడు. 1930 మే నెలలో ప్యారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో తొలి ప్రదర్శన జరిగింది. చనిపోయేలోగా రెండు వేలకు పైగా గీశాడు, ఎక్కువగా సిరాలతోనే. వాటిలో పదే పదే వచ్చేది కోలగా, కొంగు చాటున ఉన్న ఒక స్త్రీ ముఖం. చాలా బొమ్మలకు ఆయన పేర్లే పెట్టలేదు. కడపకు పొరుగునున్న మదనపల్లెలో 1919లో ఆయన బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి సీమలో అందరూ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన చిత్రకారుడు కాలేదు.

తెలుగు నేల మీద ఈ గీతను మట్టి దగ్గరికి తెచ్చినవాడు కె. లక్ష్మా గౌడ్. 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, బరోడాలో చదివాడు. 2016లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన సన్నని సిరా గీతల్లో పల్లె ఆడవాళ్ళ ముఖాలు ముతకగా, బరువుగా, సిగ్గుపడకుండా ఉంటాయి. పొలంలో పనిచేసి వచ్చిన మనిషి చెంప ఎముక మీద ఎండ ఎలా నిలుస్తుందో దగ్గర దగ్గరగా గీసిన వందల అడ్డగీతలతో చూపిస్తాడు.

రాయలసీమ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండటంతో ఇక్కడివాళ్ళకు కళ చదువంటే 1850లో మొదలైన మద్రాసు ఆర్ట్స్ స్కూలే. అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని స్థాపించాడు. రంగు కన్నా గీతకు పెద్దపీట వేయడం ఆ మద్రాసు బడి ముద్ర. ఇప్పుడు కడపలోనే విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి ఆ గీత ఏ దారి పడుతుందన్నది ఇక్కడి గదుల్లోనే తేలాలి.

అసలుదా, అచ్చా?

ఇంట్లో తాతల నాటి ఫ్రేములో ఇలాంటి ముఖం ఒకటి కనిపించగానే కొందరికి ఆశ పుడుతుంది. భూతద్దం పెట్టి చూడటం మొదటి పని. గీత సన్నని చుక్కల గుంపుగా విడిపోతే అది అచ్చు. చుక్కలు కనిపించనంత మాత్రాన అసలుదని కాదు, నల్ల గీతలను చుక్కల్లేకుండా అచ్చువేసే పద్ధతులు చాలా ఉన్నాయి. కలంతో గీసిన దానిలో పాళీ కాగితాన్ని నొక్కిన సన్నని గాడి ఉంటుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట, ముఖ్యంగా పలచని సిరా అయితే, నలుపు చిక్కబడుతుంది. వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే ఇవి తెలుస్తాయి.

సంతకాన్ని నమ్ముకోవడానికి లేదు. 2011లో కోల్‌కతాలో ఠాగూర్ గీసినవని ప్రదర్శించిన 20 బొమ్మలు నకిలీవని పురావస్తు శాఖ నిపుణులు తేల్చారు. సిరా గీతను నకలు చేయడం నూనె చిత్రం కన్నా తేలిక, సామాను తక్కువ, ఆరడానికి నెలలు పట్టవు. నకిలీ గీతలో ఎక్కువగా దొరికిపోయేది వేగం. చూసి దించేవాళ్ళ చేయి మెల్లగా నడుస్తుంది కాబట్టి, విసురుగా ఉండాల్సిన వంపులో వణుకు కనిపిస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద ఠాగూర్ చిత్రాలు కళానిధులు, వాటిని దేశం దాటించి అమ్మడానికి వీల్లేదు. కాపీరైటు మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. ఠాగూర్‌ది 2001 చివరికి తీరిపోయింది, పికాసోది 2033 చివరిదాకా ఉంది. పికాసో ముఖాన్ని టీషర్టు మీద వేసి అమ్మాలనుకునే అనంతపురం కుర్రాళ్ళు అప్పటిదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు ఫోన్‌లో ఫోటోను క్షణంలో గీతల బొమ్మగా మార్చే యాప్‌లు వచ్చాయి. సిరా బొమ్మ గీయడం ఇంత తేలికా అన్న ప్రశ్న వాటితో మళ్ళీ మొదలైంది. మామూలు యాప్ వెతికేది వెలుగూ చీకటీ మారే అంచులను. అంచు ఎక్కడుంటే అక్కడ గీత పెడుతుంది, ఏదీ వదలదు. చిత్రకారుడు ఒక చెంపను పూర్తిగా వదిలేసి ఆ ఖాళీనే చెంప అనిపిస్తాడు. యాప్ తీసిన బొమ్మలో చెవిపోగూ, కనురెప్పా, వెనక గోడ మీది పగులూ ఒకే మందంలో ఉంటాయి.